రికార్డు గదిలో యానాది కుండ

కాలువగట్టు యానాదుల సంఘం అధ్యక్షురాలు గత మంగళవారం కన్నుమూశారని పాఠకులకు విచారంతో తెలియజేస్తున్నాను. ఎవరూ నివసించడం లేదని దస్త్రాలు నిర్ధారించిన బందరు కాలువ గట్టు మీద ఆమె డెబ్బై ఏళ్లు నివసించారు.

మూడేళ్లు ఆమె అర్జీలు నేనే రాశాను. నా చదువుకు జరిగిన సద్వినియోగం అదొక్కటే. ఆమె మనవరాలికి నర్సింగ్ సీటు రావాలంటే యానాది అని ధ్రువపత్రం కావాలి. అది ఇవ్వాలంటే తండ్రి ధ్రువపత్రం చూపాలి. తండ్రికి ఇవ్వాలంటే తాతది. అందువల్ల సంఘం ప్రతి సోమవారం మండల కార్యాలయం మెట్ల మీద కూర్చునేది.

"మంచి భాష రాయండి మేష్టారూ. చదవకపోయినా బాగుండాలి," అనేవారు ఆమె. రెండుసార్లు చదివించుకుని, వేలిముద్ర వేసి, వేలికి మిగిలిన సిరాను జుట్టుకు తుడుచుకునేవారు.

ఒక సోమవారం గుమాస్తా స్వయంగా మెట్లు దిగివచ్చాడు. రికార్డు గదిలో ఎలుకలు కాగితాల కట్టలు కొరికేస్తున్నాయట.

"ఏమ్మా, నువ్వు యానాదివే కదా? కాస్త వాటి సంగతి చూసిపెట్టు."

"యానాదినని ఎవరు చెప్పారండీ?"

"ఒకళ్లు చెప్పాలా? చూస్తే తెలీట్లా?"

"ఆ ముక్కే కాయితం మీద రాసియ్యండి బాబూ. సాయంత్రానికి ఒక్కటి మిగల్దు."

"ముందు పట్టు. తర్వాత చూద్దాం."

సంఘంవాళ్లు వద్దన్నారు. "కొరికేది మన అర్జీల్నేరా," అని ఆమె లేచారు. కోతల తర్వాత పొలాల్లో ఎలుకలు పట్టేటప్పుడు చేసినట్టే, అడుగున చిల్లున్న కుండలో గడ్డి రాజేసి, కుండ మూతిని కన్నానికి ఆనించి, చిల్లులోంచి పొగ ఊదారు. అగ్నిమాపక నిబంధనలను ఆ పూటకు సడలించారు. సాయంత్రానికి గోనెసంచి నిండింది. మళ్లీ అవసరం పడుతుందని కార్యాలయంవారు కుండను అక్కడే ఉంచమన్నారు.

మరుసటి సోమవారం జవాబు వచ్చింది: దరఖాస్తుదారు తెగను నిర్ధారించే ఆధారాలు లేవు. సీటు గడువు దాటిపోయింది. మనవరాలిప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది.

"తప్పు నాదే మేష్టారూ. కాయితం చేతికొచ్చాక ఊదాల్సింది," అన్నారు ఆమె. ఆ తర్వాత కూడా సోమవారాలు మానలేదు.

ఆమె పోయాక, మనవరాలితో వెళ్లి కుండ ఇమ్మని అడిగాను. అది కార్యాలయ ఆస్తిగా నమోదైనందున ఇవ్వడం కుదరదని, చూసుకోవడానికి అభ్యంతరం లేదని సెలవిచ్చారు. బీరువా మీద ఉంది. మసిబారిన పొట్ట మీద తెల్లరంగుతో నంబరు, దాని కింద 'యానాది కుండ' అని స్పష్టంగా రాశారు.

మనవరాలు ఆ అక్షరాలను వేలితో తడిమింది. వేలికంటిన మసిని జుట్టుకు తుడుచుకుంది.