తునికాకు వైద్యం

ఆ రోజుల్లో, అంటే అరవైల్లో, కొత్తగా ఉద్యోగం వచ్చినవాడికి ఒంట్లో ఎముకలున్న సంగతి గుర్తుండేది కాదు. నాకసలే గుర్తులేదు. నిజామాబాద్‌లో బడిపంతులుగా చేరి ఏడాది కాకముందే, బోధన్ రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ, ముందు పోతున్న బండిలోంచి ఒక చెరకు గడ లాగబోయాను. గడ రాలేదు, నేనే కింద పడ్డాను. (పిల్లలకు దొంగతనం తప్పని చెప్పింది అంతకు రెండు రోజుల ముందే.) కుడి మణికట్టు విరిగింది.

నెలన్నర తర్వాత పిండికట్టు విప్పితే వేళ్లు ముడుచుకోవు. దవాఖానలో డాక్టరు, "కట్టుడు నా పని, ఆడిచ్చుడు నీ పని. హైద్రాబాద్‌ల మిషన్లున్నయి, రోజు పోతవా?" అన్నాడు. అంత సెలవూ లేదు, స్తోమతూ లేదు. సుద్దముక్క పట్టలేని పంతులును ఎన్నాళ్లు ఉంచుకుంటారని దిగులుగా కూచుంటే, బీడీలు చేసే పక్కింటి అక్క తొంగి చూసింది. "గట్ల సేతిని సూసుకుంట కూసుంటె నయమైతదా తమ్మీ? రా, తునికాకు వట్టు. మా వేళ్లు సూడు, గడియన్న ఆగుతయా?"

అలా నలుగురు ఆడవాళ్ల మధ్య ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్నాను. ఆకులో తంబాకు పోసి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. ప్రతి వేలూ ఎదురు తిరిగేది. నా తొలి బీడీని అక్క వాళ్ల అత్త, మేమంతా అవ్వా అని పిలిచే ముసలమ్మ, ముట్టించి రెండు దమ్ములు లాగి, "గిదేం బీడీ కొడుకా, పొగ రాదుగని తంబాకంత నోట్లకే అస్తున్నది!" అని ఉమ్మేసింది. చిటికెన వేలు వంచితే ప్రాణం పోయేది. నా కళ్లలో నీళ్లు తిరిగితే అక్క తల తిప్పుకుని, "తంబాకు ఘాటుకు మాకు గూడ గంతే" అనేది.

ఓరోజు నన్ను చూడడానికి హెడ్మాస్టరు వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమయ్యా, నౌకరీ మార్చినవా?"

"లేదు సార్, చేతికి ఇలాజ్ చేసుకుంటున్న."

ఆయన నమ్మలేదు. జేబులోంచి కలం తీసిచ్చి రాయమన్నారు. నా పేరు రాశాను. అక్షరాలు వానపాముల్లా మెలికలు తిరిగాయి గానీ కలం జారలేదు. అవ్వ ఊరుకుంటుందా! "బీడి మూతి మడుసుడే నేర్సిండు సారూ, రాసుడెంత!" అంది. హెడ్మాస్టరు నవ్వారు. "సోమవారం రా. పెద్దక్షరాలు రాయి, చాలు."

నా చేతిని నేనే బాగుచేసుకున్నానని ఆ తర్వాత చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను. ఓసారి అక్క లేనప్పుడు అవ్వ గుట్టు విప్పింది. "నువ్వు లేసిపోంగనే మా కోడలు నీ బీడీలన్ని ఇప్పి మల్ల సుట్టేది బిడ్డా. నీకు జెప్పొద్దన్నది." వైద్యంతో పాటు అక్కకు పనిలో సాయం కూడా చేస్తున్నానని మురిసిపోయిన ఆ కుర్ర పంతులు గుర్తొస్తే, ఇప్పటికీ ఒంటరిగా నవ్వుకుంటాను.