మొదటి టికెట్టు

బాపయ్య రోజూ బస్సులేని తన ఊరి నుంచి షేర్ ఆటోలో పేట బస్టాండుకు వచ్చి, అదే బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే బస్సులకు వంకలు పెడుతుంటాడు. మోత విని ఏ డిపో బండో చెబుతాడు. బస్సు వెనక పురుగుమందు ప్రకటన కనిపిస్తే మొహం తిప్పుకుంటాడు. మిషను టికెట్లంటే మరీ చులకన. "ఇదీ ఒక టికెట్టేనా? బఠాణీలు పొట్లం కట్టడానికైనా చాలదు" అని, పాత రంగు టికెట్లు అంటించిన పుస్తకం తడుముకుంటాడు.

అంతటివాడు, పదకొండు అర్జీలు పెట్టగా పెట్టగా తన ఊరికి బస్సు వేసిన రోజున, మొదటి మిషను టికెట్టు తనే కొట్టించుకుని జేబులో పదిలంగా తెచ్చుకున్నాడు. అక్షరాలు చెరిగిపోతాయన్న భయంతో జిరాక్సు కొట్టులో లామినేషన్ చేయించాడు. ఆ వేడికి కాగితం మాడిన దోసెలా నల్లబడింది. ఊరి పేరు, తేదీ, అన్నీ పోయాయి. వెనకవైపు అచ్చేసిన పురుగుమందు ప్రకటన మాత్రం చెక్కుచెదరలేదు.

"ఆ టికెట్లను అన్నేసి మాటలన్నావు గదయ్యా, ఉసురు ఊరికే పోద్దా?" అంది భార్య సుబ్బరావమ్మ.

బాపయ్య టికెట్టును నలుపు కనబడకుండా తిరగేసి, పుస్తకం మొదటి పేజీలో అంటించాడు. ఇప్పుడు ఇంటికెవరొచ్చినా ఆ పురుగుమందు డబ్బా బొమ్మ మీద వేలుపెట్టి, "మా ఊరి బస్సు" అంటాడు.