చప్పుళ్లు పట్టే అక్సా

సారపాకలో రోడ్డు పక్కన అక్సా చేయి చాచి నిలబడేది బస్సు కోసం కాదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ చేతిలో రికార్డరు ఉంటుంది. వెదురు లారీ, పెళ్లి డీజే, ఇడ్లీ బండి మైకు, ఏది పట్టినా ఆ చప్పుడు ఎవరిదో వాళ్ల పేరే పెట్టి దాచుకుంటుంది. తర్వాత ఆ మోతలో మునిగిపోయిన పిట్ట గొంతు కోసం కళ్లు మూసుకుని, పెదవి కొరుక్కుంటూ వెతుకుతుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక భర్త జోయెల్‌తో పర్ణశాల దాటి గోదావరి ఒడ్డుకు వెళ్లింది. గులకరాళ్ల మీద తీతువు పిట్ట కూర్చుని ఉంది గానీ ఎంతకీ నోరు విప్పలేదు. అక్సా రికార్డరు ఆన్ చేసి, ఫోనులో ఉన్న తీతువు కూతను గట్టిగా పెట్టింది.

"ఏందే, పిట్టకు ఫోన్ చేస్తున్నవా?" అని జోయెల్ నవ్వాడు.

తన చోటికి ఇంకో తీతువు వచ్చిందనుకుని పిట్ట అరుస్తూ లేచింది. అది లేచిన చోట రాళ్లలో కలిసిపోయిన గుడ్లు. తుమ్మచెట్టు మీది కాకి కిందికి దిగింది.

"బంద్ చెయ్యే! కాకి చూసింది!"

ఫోను ఆపినా పిట్ట వాళ్ల తలల మీదే తిరుగుతోంది. కాకిని అదిలించబోయిన జోయెల్ నోరు మూసింది అక్సా. "ఒర్రకయ్యా. మనం పోతేనే అది దిగుతది."

రాళ్లు కరకరమంటుంటే ఊపిరి బిగబట్టి వెనక్కి నడిచారు. కాకి గెంతుతూ గుడ్ల దాకా వచ్చింది. అప్పుడు తీతువు రివ్వున దాని మీదికి దూకింది. కాకి లేచిపోయింది. పిట్ట గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.

రికార్డరు ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంటికొచ్చాక, పట్టిన ఆ చప్పుడు వింటూ, "కాకి అని పేరు పెట్టు," అన్నాడు జోయెల్.

ఆమె 'అక్సా' అని పెట్టింది.