బాతు కడుపులో అడ్డం పడిన గుడ్డు

వరికోతలయ్యాక మా ఊరి పొలాల్లో బాతులను మేపడానికి వచ్చినవాళ్లు, గుంపులో వెనకబడిపోతున్న ఒక బాతుపిల్లను నా చేతికిచ్చి వెళ్లారు. బతకదనుకున్నది బతికి, పెరిగి, గుడ్లు కూడా పెట్టసాగింది. పెరట్లో నేనెటు పోతే అటు నా వెంటే తిరిగేది.

ఆ ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరబోతూ రాత్రి దాని మీద మూసిన గంప ఎత్తితే అది లేవలేదు. నోరు తెరిచి ఎగపోస్తోంది. తోక కింద తడిమితే గట్టిగా గుడ్డు తగిలింది. బయటికి రాలేక అక్కడే ఆగిపోయింది. అత్తమ్మను, మా ఆయనను చర్చికి పంపి నేను ఉండిపోయాను.

పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, టేకులపల్లి అవతల ఉన్నానని, ఇప్పట్లో రాలేనని అన్నాడు. గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టి, గుడ్డు వచ్చే దారిలో నూనె రాయమన్నాడు. "నొక్కకమ్మా. లోపల పలిగితే బతకది" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్లు పోసి దాన్ని కూర్చోబెట్టాను. కొబ్బరినూనె రాశాను. నీళ్లు చల్లారితే మళ్లీ కాచాను. అది మెడను నా మోచేతి మీద వాల్చేసింది. ఒక్కసారి నొక్కితే వచ్చేస్తుందేమోనని నా వేళ్లు అటే పోతుండేవి. ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" దగ్గరే మాట ఆగిపోయేది.

అత్తమ్మ చర్చి నుంచి వచ్చి, పక్కన కూర్చుని చాలాసేపు చూసింది.

"గిట్ల గోస పెట్టుడెందుకు బిడ్డా? పాణం పోకముందే కోద్దాం."

కూర కోసం కాదు, చూడలేకే ఆ మాట అంది. సారపాక మిల్లులో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మా ఆయన, నిద్ర కూడా పోకుండా గడపలో నిలబడ్డాడు.

"ఇంకొన్ని నీళ్లు కాగబెట్టు అత్తమ్మా" అన్నాను. అప్పటికే ఏడుస్తున్నాను. ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

మధ్యాహ్నం దాటాక బాతు ఒళ్లంతా బిగబట్టి వణికింది. ప్రాణం పోతోందనుకుని దాన్ని గుండెకు హత్తుకున్నాను. అప్పుడే గుడ్డు జారి నీళ్లలో పడింది. మామూలుకన్నా పెద్దది, గరుకుగా, నెత్తుటి చారలతో ఉంది.

బాతు బతికింది గానీ ఎడమకాలు పడిపోయింది. తర్వాత డాక్టరు వచ్చి చూసి, నరం నలిగిందని, ఇక బాగవుతుందని చెప్పలేనని అన్నాడు. ఇప్పుడు దాన్ని నీళ్లకుంట దాకా ఎత్తుకుపోయేది అత్తమ్మే. ఈత కొట్టినంతసేపూ గట్టు మీద కూర్చుని, మళ్లీ చంకనెత్తుకుని తీసుకొస్తుంది.