నా బరువు బెల్లం

శ్రావణ శనివారం. మల్కాపురంలో ఇంకా చీకటి విడలేదు. రిఫైనరీ గొట్టం కొసన మంట మబ్బుల్ని తాకుతూ, ఎవరో ఆకాశంలో దీపం పెట్టి వెళ్లినట్టుంది. ఓడరేవు వైపు నుంచి ఒక ఓడ కూత వేసింది. నేనూ నా భార్య సత్యవతీ తొలి బస్సు కోసం నిలబడ్డాం. సింహాచలం వెళ్లి మొక్కు తీర్చుకోవాలి.

ఆ మొక్కు సంగతి ముందు చెప్పాలి. కిందటేడాది ఇదే మాసంలో మా భజన బృందంతో మెట్లదారిన కొండెక్కబోయి, సగం దూరంలో ఊపిరందక కూలబడ్డాను. నాది పోర్టు ఆఫీసులో కుర్చీ ఉద్యోగం. సాయంత్రాలు మందిరంలో పురాణం చదువుతాను. చదివినవాడికి ప్రసాదం రెండింతలు పెట్టడం మా మందిరంలో ఆచారం. వద్దంటే అపచారమని నా నమ్మకం. పులిహోర, దద్ధ్యోజనం, చక్కెరపొంగలి... ఏళ్ల తరబడి భక్తిగా లావెక్కాను. ఆ రోజు నా ముఖం నల్లబడటం చూసి సత్యవతి కొండకేసి చేతులు జోడించింది. "సామీ, ఈ మనిషిని నాకు దక్కించు. ఈ మెట్లన్నీ తన కాళ్లతోటే ఎక్కించి, ఈ మనిషి బరువు బెల్లం నీకు తూయిత్తాను."

ఎక్కాలంటే తగ్గాలి. మందిరంలో నేను మళ్లీ రెండో దొన్నె అందుకోబోతుంటే అందరి ముందే అడిగేసింది. "పెసాదం కళ్లకి అద్దుకోడానికా, కడుపుకి కట్టుకోడానికా?" ఆడవాళ్లంతా నవ్వారు. ఆనాటి నుంచి వేలి కొసన అంటినంతే నాది, మిగతాది పక్కవారి చేతికి. పొద్దున్న చోడి అంబలి, అదే రాగిజావ, మధ్యాహ్నం కూర ఎక్కువ, అన్నం తక్కువ. రోజూ తెల్లారేలోగా సింధియా కూడలి దాకా నడక. నడుస్తూ నామం చెప్పుకునేవాణ్ణి. మొదట్లో ఒక్క నామం చెప్పేలోపే ఊపిరి తెగిపోయేది. తరవాత తరవాత ఒక కీర్తన మొత్తం నడకతోపాటు సాగింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. ఓడరేవు క్రేన్లు మసకచీకట్లో మెడలు చాచిన కొంగల్లా వెనక్కి పోయాయి. ఎన్ఏడీ కూడలిలో బస్సు మారాం. పక్కసీట్లో పూలబుట్టతో ఒక ముసలమ్మ.

"కొండకేనా బావూ? మెట్లా, బస్సా?"

"మెట్లేనమ్మా."

"నానూ పెళ్లైనకాణ్ణించి మెట్లే అనుకుంతన్నాను. ఈ దిక్కుమాలిన బస్సే ముందొచ్చెత్తాది!" అని నవ్వి, సత్యవతి జడలో ఒక సంపంగి గుచ్చింది. ఆ వాసనలో గోపాలపట్నం ఎప్పుడు దాటిందో తెలియలేదు.

ఆరు దాటేసరికి కొండ కింద దిగాం. మా బావమరిది అప్పలరాజు ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. అనకాపల్లి నుంచి బెల్లం తెచ్చి, ఘాట్ రోడ్డు మీదుగా పైకి చేర్చే పని అతనిది. గోనెలు చూసి తెల్లబోయాను.

"ఇంత బెల్లమెందుకు?"

"మొక్కినరోజున మీరెంతున్నారో అంత," అంది సత్యవతి.

"తక్కెడలో కూర్చునేది ఇవాళ్టి నేను కదా?"

"మాటిచ్చింది ఆవేళ. సామి సొమ్ము తగ్గించీమంటారేటి?"

"ఎందుకొచ్చిన గొడవ బావా," అన్నాడు అప్పలరాజు. "ఆటో ఎక్కీ. నాలుగు పూటలు పొంగలి తిను, లెక్క సరిపోద్ది."

నవ్వాను గానీ ఆ మాట ముల్లులా దిగింది. ఒళ్లు తగ్గించుకుని దేవుడి వాటా కోసేశానా? మొక్కు లోటు పడితే, దక్కించమని అడిగిన ప్రాణం సంగతేమిటి? మెట్లదారి మొదలయ్యే తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి ఆ బెంగతోనే ఎక్కడం మొదలుపెట్టాను.

మబ్బు మెట్ల మీదకే దిగింది. ప్రతి మెట్టుకీ ఎవరో పసుపు రాసి బొట్లు పెట్టారు. వానకి ఆ రంగు కింద మెట్టు మీదకి జారుతోంది. ఎక్కడో జలధార చప్పుడు, ఎక్కడో పనసపండు వాసన. వెళ్లదలచినవారు ఇలా ఎండ రాకముందే, తేలిక కడుపుతో బయల్దేరండి. నామం ఆపకుండా ఎక్కుతున్నాను. కిందటేడు కూలబడిన చోటు వచ్చింది. ఆ మెట్టు మీద నేనింకా కూర్చునే ఉన్నట్టు అనిపించింది. చెమటతో, వాచిన కళ్లతో నాకేసి చూస్తున్నట్టు. దండం పెట్టి పక్కనుంచి సాగిపోయాను. పైనున్న స్వామి ఏడాదంతా చందనం పూతలో ఉండి, ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడు. ఆ పూత భక్తులం పూసింది, ఆ ఉగ్రమూర్తి చల్లగా ఉండాలని. నా ఒంటి మీది కొవ్వుపూత నేనే పూసుకున్నాను.

దర్శనమయ్యాక తులాభారం. ఒక పళ్లెంలో నేను, రెండోదాంట్లో బెల్లం దిమ్మలు. సత్యవతి ఆపకుండా పేర్చింది. నా పళ్లెం ఉయ్యాలలా పైకి లేచిపోయింది.

"అక్కా, బావ ఎగిరిపోతన్నాడే!" అన్నాడు అప్పలరాజు.

అర్చకస్వామి వచ్చి, "కొన్ని తీయాలమ్మా," అన్నారు.

"తియ్యను అయ్యగారూ. మొక్కిన్నాటి బరువిది."

"ఏమని మొక్కారు?"

"ఈ మనిషి బరువు బెల్లమని."

"ఈ మనిషేగా కూర్చున్నది? తగ్గినది స్వామి ముందే పుచ్చుకున్నారమ్మా. మళ్లీ ఎందుకు ఇస్తారు?"

సత్యవతి గాలిలో వేలాడుతున్న నన్ను ఎగాదిగా చూసింది. తరవాత తనే ఒక్కో దిమ్మా తీసి గోనెలో వేసింది. పళ్లేలు సమానమయ్యాయి. అర్చకస్వామి బెల్లం మీద ఒక తులసిదళం ఉంచారు. నా కళ్లు మూతపడ్డాయి.

తిరుగుదారిలో మిగిలిన గోనె ఆటోలో వెయ్యనివ్వలేదు. భుజానికెత్తుకుని మెట్లు దిగాను. సగం దూరానికే గోనె ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చాను. ఇదంతా నేనే. ఇంతటి నన్ను మోస్తూ కిందటేడు ఈ మెట్లెక్కబోయాను. అదే మెట్టు మీద గోనె దించేశాను. అక్కడ ఒకామె కొంగు నోటికడ్డం పెట్టుకుని రొప్పుతోంది. సత్యవతి రాయితో దిమ్మ పగలగొట్టి, బెల్లం ముక్కా మంచినీళ్లూ ఇచ్చింది. తరవాత ఎక్కేవాళ్లందరూ చేతులు చాచారు. చూస్తుండగానే గోనె ఖాళీ అయింది. నేను వేలికంటినది నాకాను.

మధ్యాహ్నం బస్సు మల్కాపురం వైపు సాగింది. కిటికీలో సముద్రపు గాలి మొదలైంది. ఖాళీ గోనె మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. తీర్థయాత్రకి వెళ్తే ఏదో తెచ్చుకుంటామంటారు. నేను వదిలి వచ్చాను, అదే తేలిగ్గా ఉంది. సత్యవతి నా భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"ఏటండి ఇది, మీ బుజం గుచ్చుకుంతన్నాది," అని గొణిగింది.

తల మాత్రం తీయలేదు.