మిరపకాయల ఘాటు, శుక్రవారం ఫోను

పోపులో ఎండుమిర్చి కాస్త మాడితే చాలు, మా ఆయన కిటికీ తెరుస్తాడు. నేను మాత్రం షార్జాలో ఒక భవనం మెట్ల మీదికి వెళ్లిపోతాను. దగ్గుతూ దిగుతున్న జనం, వాళ్ల మధ్య నా పక్కన కూర్చున్న రాజ్యం ఆంటీ. ఆవిడ ఎవరో మీకు తెలియదు కనుక చెబుతాను. కాకినాడ మనిషి, ఒక క్లినిక్కులో నర్సు. షార్జాలోని అల్ నహ్దా పేటలో మా ఎదుటి ఫ్లాటు. పలకరిస్తే వెంటనే నవ్వేది కాదు, ముందు మనిషి మొహం చూసేది. ఆ చూపు నుంచి నేను చాలా రోజులు తప్పించుకు తిరిగాను.

2004లో నాన్న నన్నూ అమ్మనూ కరీంనగర్ నుంచి షార్జాకు తీసుకెళ్లాడు. నాకు పద్నాలుగేళ్లు. కొత్త బడిలో నేను నోరు తెరిస్తే వెనక బెంచీ నుంచి ఎవరో నా యాసను అలాగే తిప్పి పలికేవారు. కొన్నాళ్లకు నోరు తెరవడమే మానేశాను. ఇంటికొస్తే మాట్లాడటానికి నాకు అమ్మ తప్ప ఎవరూ లేరు, అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు. పొద్దున స్కూలు బస్సు మలుపు తిరగగానే గుండె దడ, ఊపిరి అందకపోవడం, చేతులు చల్లబడటం మొదలయ్యాయి. చెబితే నాన్న భయపడ్డాడు. భయపడితే ఆయన కోపంగా మాట్లాడతాడు. ఇట్లయితే ఊరికి పంపి హాస్టల్లో వేస్తానన్నాడు. అమ్మను వదిలి ఉండాలన్న మాటకే నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆ తర్వాత ఏమీ చెప్పకుండా దాచుకున్నాను.

శుక్రవారం నాన్న ఫోను కార్డు గీకి నాయనమ్మకు ఫోన్ చేసేవాడు. మా భవనంలో తెలుగువాళ్లందరి ఇళ్లలో ఆ పూట అదే తంతు. రిసీవరు నా చేతికిచ్చే ముందు అమ్మ నా చెవిలో "మంచిగున్న అను" అనేది. అలాగే అనేదాన్ని. దుబాయ్ పోయినవాళ్లు బాగా లేమంటే ఊళ్లో పరువు పోతుందని మా వాళ్ల బెంగ.

ఒక శుక్రవారం ఫోను పెట్టేయగానే ఊపిరి ఆడక సోఫా పక్కన కూలబడ్డాను. అమ్మ వంటింట్లోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి నా చుట్టూ తిప్పి, మూకుడులో వేసి పొయ్యి మీద పెట్టింది. ఊళ్లో అయితే పెరట్లో నిప్పుల మీద వేసేవాళ్లం. షార్జాలో ఏసీ కోసం కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఘాటుకి తాళలేక నాన్న వాకిలి తలుపు తీశాడు. పొగ వరండాలోకి పోయి భవనమంతా అలారం మోగింది. నాతూర్, అంటే మా వాచ్‌మన్, "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అందరి తలుపులూ బాదాడు. అమ్మ పొయ్యి ఆర్పి, నన్ను పట్టుకుని మెట్లు దిగింది. సగం దిగాక నేనిక కదల్లేక కూర్చుండిపోయాను. చూసినవాళ్లంతా పొగ వల్లే అనుకున్నారు.

రాజ్యం ఆంటీ అలా అనుకోలేదు. పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. మెల్లగా ఊపిరి వదలమంది, నాతోపాటు తానూ వదిలింది. నేను తేరుకున్నాక అమ్మవైపు తిరిగింది. ఇప్పుడు అమ్మకు చీవాట్లు తప్పవనుకున్నాను.

"దిష్టి తగిలితే మిరపకాయలు ఘాటు రావంటారు కదండీ," అంది.

"అవును," అంది అమ్మ.

"మరి ఇవాళ బిల్డింగంతా వచ్చింది. అంటే పిల్లకి దిష్టి లేదండి, ఇంకేదో ఉంది. రేపు నాతో పంపండి, మా డాక్టరుగారు చూస్తారు."

డాక్టరంటే అమ్మ వద్దనేదే. దిష్టి లెక్కను మాత్రం ఎలా కాదంటుంది?

డాక్టరు గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయన్నాడు. ఊరూ భాషా ఒక్కసారిగా మారిన పిల్లల్లో ఇలాంటి భయం చూస్తుంటానని, మాట్లాడి నయం చేసేవాళ్ల దగ్గరికి పంపుతానని చెప్పాడు. అంటే నా బిడ్డకు పిచ్చా అని నాన్న ఇంటికొచ్చి రుసరుసలాడాడు. మాతో వచ్చిన రాజ్యం ఆంటీ వాదించలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో తనకీ ఇలాగే ఊపిరి ఆగేదని, బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్నని, కూరగాయల ధర చెబుతున్నంత మామూలుగా చెప్పింది. ఆ తర్వాత నాన్న హాస్టలు మాట మళ్లీ ఎత్తలేదు.

వెళ్తూ వెళ్తూ ఆంటీ నాతో అంది, "శుక్రవారం మీ నాయనమ్మగారికి ఒక్క నిజం చెప్పమ్మా. మిగతాదంతా బాగున్నానని చెప్పుకో, పర్లేదు."

ఆ వారం అమ్మ నా చెవిలో ఎప్పటి మాటే చెప్పింది. నేను, "నాయనమ్మా, బడిల నాతోని ఎవ్వరు మాట్లాడరు," అన్నాను. నా భుజం మీద అమ్మ చెయ్యి బిగుసుకుంది.

"గిన్ని దినాలు ఒక్కదానివే మోసినవా బిడ్డా," అంది నాయనమ్మ. కార్డు అయిపోయేదాకా ఇద్దరం ఏడ్చాం.

డాక్టరు పంపినవాళ్ల దగ్గరికి వెళ్తూనే ఉన్నా, పూర్తిగా నయం కావడానికి ఏడాది పైనే పట్టింది. 2008లో రాజ్యం ఆంటీ కాకినాడ వెళ్లిపోయింది. ఆవిడంటే నాకు ఇప్పటికీ చాలా ప్రేమ. చిరునామా ఇవ్వకుండా పోయిందని కాస్త కోపం కూడా.

అమ్మానాన్న ఇంకా షార్జాలోనే ఉన్నారు, నేను హైదరాబాదులో. శుక్రవారం ఫోను అలవాటు మాత్రం పోలేదు. ఎవరైనా బాగున్నానంటే వెంటనే నమ్మకుండా కాసేపు ఆగడం నాకు రాజ్యం ఆంటీ నుంచే వచ్చింది. మొన్న అమ్మ మంచిగున్న అంది. నేనేమీ అనకుండా ఫోను పట్టుకుని ఉన్నాను.

"నిజం చెప్పాల్నా?" అంది అమ్మ కాసేపటికి. "పొద్దుగాల ఇల్లంత ఖాళీ అయితది సూడు, గప్పుడు గుండె దడదడ కొట్టుకుంటది. ఊపిరాడదు."

"ఎప్పటి నుంచమ్మా?"

"నువ్వు బస్సెక్కి బడికి పోయిన మొదటి దినం నుంచి."