మస్తాన్‌బీ చుక్కపూల మడి

మస్తాన్‌బీ ఎవరినీ నమ్మేది కాదు. పాలామె పోసిన పాలలో వేలు ముంచి చూసేది. అత్తరు సాయిబు ఇచ్చిన సీసాను ఎండకు పట్టి మరీ చూసేది. దర్శి దగ్గర ఆ ఊళ్ళో ఆమెను పోలీసు బీ అనేవాళ్ళు. ఆమె లేనప్పుడే లెండి.

మొగుడు పోయి పుట్టింటికి చేరాక, తమ్ముడు మీరావలి మిరపచేను మూలన నాలుగు సెంట్లు ఆమెకు వదిలాడు. చీరాల మిషన్ బంగళాలో వంటచేసిన రోజుల్లో దొరసాని ఇచ్చిన విత్తనం అందులో వేసింది. నువ్వుగింజంత తెల్లపూలు. చుక్కపూలనేది. కోసి తలకిందులుగా వేలాడదీస్తే ఎండినా రాలవు. మొదలు నేలలోనే ఉండి ఏటా చిగురిస్తుంది. పందొమ్మిది వందల అరవై ఒకటిలో, క్రిస్మస్‌కు కట్టలు పంపమని బంగళా నుంచి కబురొచ్చింది. ఈసారి పంపలేకపోతే ఆ మూలను మిరపలో కలిపేస్తానని మీరావలి ముందే చెప్పాడు. ఆమెకు తనదంటూ ఉన్నది ఆ మూలే.

డిసెంబరు మొదట్లో మొగ్గ పట్టింది. పత్తి తీతకు పోయి సాయంత్రం వచ్చి చూస్తే ఒక వరసంతా తలలు లేవు. మర్నాడు ఇంకో వరస. మేక కొరికితే కాడ చితుకుతుంది, ఇది గోటితో తుంచిన తీరు. అనుమానం నేరుగా పక్కచేను బుల్లయ్య మీదికి పోయింది. ఆ మూల మీద అతనికి కన్నుందని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది. ఇన్నాళ్ళూ అతను తన బావిలో నీళ్ళు ఆమెను ఊరికే తోడుకోనిచ్చింది కూడా అందుకేనట!

మూడోనాడు, రోజూ బాబాయి అని పిలిచే మనిషిని పత్తికూలీలందరి ముందూ నిలదీసింది.

“నీ గోళ్ళు చూపించు బుల్లయ్యా.”

అరవై ఏళ్ళ మనిషి రెండు చేతులూ చాపాడు. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. కడుక్కొచ్చాడంది మస్తాన్‌బీ.

నాలుగోనాడు పని ఎగ్గొట్టి మధ్యాహ్నమే చేనుకు వచ్చింది. మడిలో వంగి ఉన్నది ఆమె తండ్రి బుడే సాయిబు. చూపు ముప్పాతిక పోయింది. ముప్పై ఏళ్ళు పొగాకు చేలల్లో తలలు తుంచిన చేతులు మాత్రం పని మరవలేదు. పొగాకుకు పూత వదిలితే ఆకు పలచబడుతుంది మరి.

“ఒక్క పువ్వు కూడా మిగలనివ్వలేదమ్మా,” అన్నాడు అలికిడి విని. “ఇంక ఆకు బరువెక్కుద్ది చూడు.”

మీరావలికి తెలిస్తే ముసలాణ్ణి గడప దాటనివ్వడు. ఉన్న ఆ కాస్త నడకా పోతుంది. మంచి పని చేశావు నాయనా అని చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది. గుబురుగా వస్తాయని తనే తుంచానని తమ్ముడికి చెప్పింది. అన్నంత పనీ చేశాడతను. మూల మిరపలో కలిసింది.

అదే అబద్ధం చెప్పి తప్పయిపోయిందందామని బుల్లయ్య దగ్గరికి పోయింది. అతను అంతా విని చేతిలోని బొక్కెన కింద పెట్టాడు.

“మీ నాయన రోజూ మా బావి పక్కనుంచేగా పోయేది. మొదటిరోజే చూశా,” అన్నాడు. “పదిమందిలో ఆ పెద్దాయన పేరు ఎట్టా చెప్పమంటావమ్మా?”